కొత్తగా చెవిన పడ్డవి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏడాది చివర వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడుగుతాయి: ఈ ఏడు కొత్తగా ఏం వినాలి, విన్నవాటిలో ఏవి నిలిచాయో ఎలా తేల్చుకోవాలి? ఈ పేజీలో ‘కొత్త’ అంటే ఈ ఏడాది విడుదలైనదని కాదు. మీ చెవికి మొదటిసారి తగిలింది 1950ల నాటి రికార్డయినా అది ఈ ఏటి కొత్తే.

ప్రశ్న: డిసెంబరు రాగానే నా ఫోనులోని యాప్ ‘మీరు ఈ ఏడాది ఎక్కువగా విన్నవి’ అని జాబితా ఇస్తోంది. అందులో నాకు నిజంగా నచ్చిన కొత్త సంగీతం ఒక్కటీ ఉండటం లేదు. నా జాబితా నేనే రాసుకోవాలంటే ఎలా? (పాఠకురాలు, తెనాలి)

యాప్ లెక్క మీ ఇష్టాన్ని కొలవదు, పాట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెడుతుంది. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు మోగితే ఒకసారి విన్నట్టే. మీరు కదలకుండా కూర్చుని విన్న నలభై నిమిషాల రాగం-తానం-పల్లవికీ (కచేరీలో రాగాన్ని విస్తారంగా పాడే అంశం), వంట చేస్తూ వదిలేసిన మూడు నిమిషాల పాటకూ ఒక్కో అంకే పడుతుంది. పైగా ఈ వార్షిక జాబితాలు డిసెంబరు మొదటి రోజుల్లోనే వచ్చేస్తాయి. చెన్నైలో కచేరీలు హోరెత్తే నెల లెక్కలోకి రానే రాదు.

ఇంట్లో పిల్లలు అదే ఫోనులో రైమ్స్ పెడుతుంటే జాబితా ఇంకా చెడుతుంది. స్పాటిఫైలో ఆ ప్లేలిస్టు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, మీ అభిరుచి లెక్కలోంచి దాన్ని తప్పించవచ్చు. అలా చేస్తే యాప్ ప్రతి సోమవారం ఇచ్చే ముప్ఫై పాటల జాబితా కూడా కొంత బాగుపడుతుంది.

మీ జాబితాకు ఒక చిన్న నోటుబుక్కు చాలు. ఒక్కో రచనకు ఒక్కో వరస: తేదీ, పాడినవారు లేక వాయించినవారు, రచన, రాగం, పక్కవాద్యాలు, ఎక్కడ దొరికింది. చివర ఒక గడి ఖాళీగా వదలండి. అందులో ‘బాగుంది’ అని రాస్తే నెల తిరిగేసరికి మీకే ఏమీ గుర్తుండదు. ‘అనుపల్లవి మొదట్లో గొంతు తగ్గించి పైషడ్జం అందుకున్నారు, 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర’ అని రాయండి. (అనుపల్లవి అంటే పల్లవి తర్వాతి భాగం, పైషడ్జం అంటే పై ‘స’.) నిమిషం, సెకను వేసుకుంటే తిరిగి అక్కడికే వెళ్లి వినవచ్చు.

మూడోసారి విన్నాకే పేరు పక్కన టిక్ పెట్టండి. మూడు వినికిళ్ల మధ్య కనీసం వారం ఎడం ఉండాలి. మొదటిసారి ఆకట్టుకునేది తరచుగా వేగమూ గొంతు బలమూ. నింపాదిగా నడిచే రచనలు రెండోసారికి గాని తెరుచుకోవు. ఒకే రోజు పదిసార్లు వింటే అది చెవికి అలవాటైపోతుంది తప్ప నచ్చిందో లేదో తేలదు. ఇలా చేస్తే ఏడాది చివర పదిహేను, ఇరవై పేర్లు మిగలవచ్చు, నాలుగే మిగలవచ్చు. నాలుగు మిగిలినా అది మంచి ఏడాదే.

వెతికేటప్పుడు ఒక చిక్కుంది. కర్ణాటక సంగీతం పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తమిళ పద్ధతిలో ఒకలా, మన పద్ధతిలో ఇంకోలా రాస్తారు. తోడి రాగం కావాలంటే ‘టీ’ తర్వాత ‘హెచ్’ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి వెతకండి. త్యాగరాజు పేరుకూ ఇంతే. కొన్ని ఆల్బముల్లో గాయకుడి పేరుండాల్సిన చోట వాగ్గేయకారుడి (పాట రాసి వరస కట్టినవారి) పేరు వేసేస్తారు. అలాంటప్పుడు కృతి పేరుతో వెతికితేనే దొరుకుతాయి.

ప్రశ్న: సినిమా పాటలు, అన్నమయ్య కీర్తనలు ఇష్టంగా వింటాను. కచేరీ పెడితే పది నిమిషాలకే ఆపేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? (పాఠకుడు, నిజామాబాద్)

కచేరీతో మొదలుపెట్టకండి. మీకు ముందే ఇష్టమైన ఒక పాట కొస పట్టుకుని వెళ్లండి. అన్నమయ్య దగ్గరే మొదలుపెడదాం. తాళ్లపాక వారి రాగిరేకుల మీద కీర్తనతో పాటు రాగం పేరు చెక్కి ఉంది, స్వరాలు లేవు. అంటే ఈరోజు మనం వింటున్న వరసలు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కూర్చినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు ఒక్కొక్కరు ఒక్కో తీరులో కట్టారు. కాబట్టి మీకు నచ్చిన కీర్తనకు వరస ఎవరిదో కనుక్కోండి. ‘నానాటి బదుకు’ నచ్చితే నేదునూరి, ‘వినరో భాగ్యము’ నచ్చితే గరిమెళ్ల. నేదునూరి కట్టిన మిగతా కీర్తనలు విని, ఆ తర్వాత ఆయన పాడిన త్యాగరాజ కృతులకు రండి. గొంతూ బాణీ తెలిసినవే కనుక బెరుకు ఉండదు. ఆయన గురువు శ్రీపాద పినాకపాణి, అదే గురువు దగ్గర నేర్చుకున్న మరొకరు వోలేటి వెంకటేశ్వర్లు. ఇద్దరి పాటనూ పక్కపక్కన పెట్టి వింటే ఒకే చదువు రెండు మనసుల్లో ఎంత వేరుగా పండిందో తెలుస్తుంది. వోలేటి పాటలో హిందుస్తానీ పోకడలు తొంగిచూస్తాయి. తెలుగునేల మీద పుట్టిన గానంలో ఇంకా చాలామంది తెలుగువాళ్లు వినని నిధి ఆయన పాట అని గట్టిగా నమ్ముతాం.

రెండో దారి రాగం. ఒక నెలంతా ఒక్క రాగమే పెట్టుకోండి. మోహన మంచి ఎంపిక: స, రి2, గ3, ప, ద2, అయిదే స్వరాలు (అంకె ఆ స్వరంలో ఏ రకమో చెబుతుంది). సినిమాల్లోనూ లలిత సంగీతంలోనూ విస్తారంగా వాడారు కనుక మీ చెవిలో అప్పటికే ఉంది. త్యాగరాజు ‘నను పాలింప’ తీసుకుని గాత్రంలో ఒకరిది, వీణ మీద ఒకరిది, నాదస్వరం మీద ఒకరిది వినండి. మాట తెలిసిన కృతిని వాద్యం మీద వింటే మాట లేకుండానే రాగం కనపడటం మొదలవుతుంది. వీణకు ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు, నాదస్వరానికి షేక్ చినమౌలానా పేర్లతో వెతకండి. తర్వాతి నెల హిందోళం (స, గ2, మ1, ద1, ని2), ‘సామజవరగమన’తో. ఆపై శుద్ధసావేరి, ‘దారిని తెలుసుకొంటి’తో. మోహనకూ శుద్ధసావేరికీ తేడా ఒక్క స్వరమే: గాంధారం పోయి మధ్యమం వస్తుంది. ఆ ఒక్క మార్పుతో రాగం ముఖమే మారిపోవడం చెవితో పట్టుకున్న రోజు మీకు కచేరీ భయం పోతుంది.

మూడో దారిని చాలామంది పట్టించుకోరు: పక్కవాద్యాలు. మీకు నచ్చిన రికార్డు మీద వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు చూసి, వాళ్లు ఇంకెవరికి వాయించారో వెతకండి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. వోలేటి, బాలమురళి, వయొలిన్‌లో అన్నవరపు రామస్వామి, మృదంగంలో దండమూడి రామమోహనరావు, అందరూ ఆ కేంద్రంలో పనిచేసినవారే. ఒక్క పేరు పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి.

ఇక కచేరీ. మొదట ఏడెనిమిది నిమిషాల కృతులు, తర్వాత మూడు నాలుగు నిమిషాల ఆలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం) ఉన్నవి, చివరగా గంట సాగే ప్రధాన కృతి. ఆదితాళం చేత్తో వేస్తూ వినండి: దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది. పల్లవి చాలాసార్లు దెబ్బ మీద కాక కాస్త జరిగి మొదలవుతుంది. అందుకే కొత్తవాళ్లు తాళం తప్పామనుకుని మానేస్తారు. తప్పలేదు, ఎత్తుగడే అక్కడ. స్వరకల్పనలో (సరిగమలను అప్పటికప్పుడు అల్లి పాడే చోట) గాయకులు ఎంత దూరం వెళ్లినా ఆ ఎత్తుగడ దగ్గరికే వచ్చి సాహిత్యం అందుకుంటారు. అది వస్తుందని ఎదురుచూస్తూ వినడమే స్వరకల్పన వినే పద్ధతి.

యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ రెండూ ఆపేయండి. ఆల్బముల్లో ఆలాపనను ఒక ట్రాకుగా, కృతిని మరో ట్రాకుగా కోస్తారు. షఫుల్ ఉంటే తోడి ఆలాపన వెనకాల మధ్యమావతి కృతి వస్తుంది. క్రాస్‌ఫేడ్ ఉంటే ఆలాపన చివరి షడ్జం మీద కృతి ఎక్కి కూర్చుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు రేడియో నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఒక పెట్టెడు ఉన్నాయి. కొన్నింటి మీద పేర్లు కూడా లేవు. కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఏం చేయాలి? (పాఠకురాలు, కాకినాడ)

ఏ దుకాణంలోనూ దొరకని సంగీతం ఇలాంటి పెట్టెల్లోనే ఉంటుంది. తొందరపడకుండా చేయండి.

ముందు ప్రతి క్యాసెట్టునూ వెలుతురులో చూడండి. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టేపు అంచుల మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని ప్లేయర్లో పెట్టకండి. బూజు హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లన్నింటికీ పాకుతుంది. వాటిని వేరే సంచిలో ఉంచి, చివర్లో తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి. టేపు వెనక చిన్న రాగి పట్టీ మీద స్పాంజి ముక్క ఉంటుంది. అది ఊడిపోతే టేపు హెడ్డుకు ఆనదు, శబ్దం మసకగా వస్తుంది. క్యాసెట్ గుల్లకు (పైతొడుగుకు) అయిదు మరలుంటే అలాంటిదే పనికిరాని క్యాసెట్ విప్పి, టేపు చక్రాలు అందులోకి మార్చవచ్చు. అతికించిన గుల్లయితే జాగ్రత్తగా పగలగొట్టాల్సిందే.

ప్లేయర్ హెడ్డునూ నల్లటి రబ్బరు రోలర్‌నూ శుభ్రం చేయండి. హెడ్డుకు ఇయర్‌బడ్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రబ్బరుకు తడిగుడ్డ చాలు. నాలుగైదు క్యాసెట్లకు ఒకసారి మళ్లీ చేయాలి. ఏళ్ల తరబడి కదలని టేపును ముందు చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి. లేకపోతే పొరలు అతుక్కుని వేగం తడబడుతుంది. 120 నిమిషాల క్యాసెట్ల టేపు మరీ పలచన. వాటిని వేగంగా తిప్పొద్దు, మామూలుగా ప్లే చేస్తూనే చివరిదాకా పోనివ్వండి.

ప్లేయర్ లైన్ అవుట్ నుంచి, అది లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి, 3.5 మిల్లీమీటర్ల తీగతో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు కలపండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా పెట్టడమే అందరూ చేసే పొరపాటు. మైకు చిన్న శబ్దాన్ని పెద్దది చేయడానికి పెట్టిన రంధ్రం అది. ప్లేయర్ నుంచి వచ్చే బలమైన సిగ్నల్ అక్కడ పగిలిపోతుంది, ఎడమ కుడి కలిసిపోయి మోనో అవుతుంది.

ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఉచితం. 44,100 హెర్ట్జ్, 16 బిట్ పెట్టండి. మృదంగం గట్టిగా మోగే చోట, అంటే తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా మోగే భాగం) దగ్గర లెవెల్ చూసుకోండి. ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. మెత్తటి ఆలాపన దగ్గర చూసి పెంచితే తని వచ్చేసరికి పగులుతుంది. ఒక వైపు మొత్తం ఒకే ఫైలుగా ఎక్కించండి. స్టీరియో డబ్ల్యూఏవీ ఫైలు నిమిషానికి దాదాపు 10 ఎంబీ, 90 నిమిషాల క్యాసెట్టుకు 900 ఎంబీ పైచిలుకు. ఫ్లాక్‌గా మార్చి దాచుకుంటే నాణ్యత పోకుండా ఇంచుమించు సగానికి తగ్గుతుంది. ఎంపీ3 మాత్రమే దాచి అసలు ఫైలు చెరిపేయకండి.

హిస్ శబ్దం (టేపు ‘సుస్’మనే చప్పుడు) తీసేయాలని అందరికీ తొందర. అక్కడే తంబూర చచ్చిపోతుంది. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్‌కు ముందు ‘ఇదీ చెత్త శబ్దం’ అని ఒక ముక్క చూపించాలి. పాట లేని చోటే కదా అని తంబూర మోగుతున్న ముక్క చూపిస్తే, ఆడాసిటీ తంబూరనే చెత్త అనుకుని కచేరీ పొడవునా పీకేస్తుంది. వెనకాల శ్రుతి లేని గొంతు మిగులుతుంది. టేపు మొదట్లో ఏమీ రికార్డు కాని రెండు మూడు సెకన్లు చూపించండి. తగ్గింపు 6 డెసిబెల్స్ దాటనివ్వకండి, దాటితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. శుభ్రం చేయని అసలు కాపీ ఒకటి తప్పక దాచండి.

వేగం కూడా చూసుకోవాలి. ట్యూనర్ యాప్‌లో తంబూర షడ్జం చూడండి. గాయకుడు ‘స’ను ఎంత ఎత్తులో పెట్టుకుంటారో చెప్పేది శ్రుతి: ఒకటో శ్రుతి అంటే సీ, ఒకటిన్నర అంటే సీ షార్ప్, రెండు అంటే డీ. ఆ గాయకుడు సాధారణంగా ఒకటిన్నర శ్రుతిలో పాడేవారని మీకు తెలిసి, టేపులో రెండో శ్రుతి చూపిస్తుంటే ప్లేయరో రికార్డు చేసిన యంత్రమో వేగం తప్పింది. ఆడాసిటీలో ‘ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్’లో (పాత వెర్షన్లలో ‘ఛేంజ్ స్పీడ్’) మైనస్ 5.6 శాతం వేస్తే అర మెట్టు దిగుతుంది. ‘ఛేంజ్ పిచ్’ వాడకండి, అది శ్రుతిని దించి కాలాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది.

పేరు లేని క్యాసెట్టు సంగతి. కచేరీ ముందూ వెనకా ఉన్న అనౌన్సరు మాటలు కత్తిరించకండి. ‘ఇంతవరకూ మీరు విన్నది...’ అనే ఆ పది సెకన్లలో గాయకుడి పేరు, వయొలిన్, మృదంగం, ఒక్కోసారి ఘటం కూడా దొరుకుతాయి. టేపు అంతకుముందే అయిపోతే రెండో వైపు చివర వినండి. చాలామంది మిగిలిన చోటులో వేరే రోజు కార్యక్రమం ఎక్కించేవారు, వార్తల ముక్క దొరికితే ఏడాది కూడా తేలుతుంది.

ఇవన్నీ మీ ఇంట్లో వినడానికి. మన చట్టంలో శబ్దముద్రణకు హక్కు ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది, ప్రసారానికి వేరే హక్కులున్నాయి. అందరికీ వినిపించాలంటే కళాకారుల కుటుంబాన్నో ఆకాశవాణినో అడగండి.

ప్రశ్న: మన సంగీతం బాగా విన్నాను. ఇతర దేశాల సంగీతంలో రాగానికి అలవాటుపడ్డ చెవికి ఏవి పడతాయి? (పాఠకుడు, సింగపూర్)

మొదట ఇథియోపియా. అక్కడి తిజితా మేజర్ అనే స్వరవరుసలో మన మోహన స్వరాలే ఉన్నాయి. గమకం (స్వరాన్ని ఊపే తీరు) వేరు, లయ వేరు, కాబట్టి మోహన కోసం వెతకొద్దు. తెలిసిన అయిదు మెట్ల మీద తెలియని నడక వినండి. ‘ఇథియోపిక్స్’ ఆల్బముల వరసలో నాలుగోది ములాతు అస్తాత్కేది, 1969 నుంచి 1974 వరకు ముద్రించినవి. ఆయన వాయించే వైబ్రఫోన్ (లోహపు పట్టీలను కర్రలతో కొట్టే వాద్యం), వెనక ఇత్తడి వాద్యాలు, రాత్రిపూట తక్కువ శబ్దంలో వినాల్సినవి.

వీణ ఇష్టమైతే మాలి దేశపు కోరా. 21 తంతులు, రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ మాత్రమే మీటుతాయి. 2024లో కన్నుమూసిన తుమానీ జబాతే 1988లో ‘కైరా’ అనే ఆల్బమును ఒంటరిగా వాయించారు. మూడు వాద్యాలు మోగుతున్నట్టుంటుంది కానీ ఉన్నది ఒక్కరే. మొదటిసారి మంద్రం మాత్రమే పట్టుకోండి, రెండోసారి మధ్యలో తిరిగే వరస, మూడోసారి పైన జలజలా రాలే స్వరాలు. మన ఆలాపనలా పైకి ఎక్కుతుందని ఎదురుచూస్తే విసుగొస్తుంది. ఇది చుట్టూ తిరిగే సంగీతం, మార్పు ప్రతి చుట్టులో కొద్దికొద్దిగా వస్తుంది. ఇది పడితే అలీ ఫర్కా తురే గిటారుతో తుమానీ కలిసి వాయించిన 2005 నాటి ఆల్బమ్ తర్వాతి మెట్టు.

ఇరాన్‌కు చివర వెళ్లండి. అక్కడ మన స్వరస్థానాల నడుమ పడే స్వరాలుంటాయి, మొదట అపస్వరంలా తోస్తాయి. కమాంచె (కమానుతో వాయించే తంతివాద్యం) వాయించే కైహాన్ కల్హోర్, సితార్ వాయించే షుజాత్ హుస్సేన్ ఖాన్ కలిసి చేసిన రికార్డులు మంచి వాకిలి. తెలిసిన సితార్ పక్కనే ఉండటంతో చెవి కుదురుకుంటుంది.

ప్రశ్న: ఫోనులో వింటే మృదంగం ఎడమ వైపు వినిపించదు. రికార్డింగు లోపమా? (పాఠకుడు, కరీంనగర్)

లోపం ఫోను స్పీకరుది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మధ్యషడ్జం దాదాపు 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. వేలెడంత లేని స్పీకరు ఆ లోతును మోయలేదు. తొప్పి (మృదంగం ఎడమ ముఖం) గుంకారం, తంబూర మంద్రషడ్జం అందుకే మాయమవుతాయి. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు పెట్టినా తేడా వెంటనే తెలుస్తుంది. యాప్‌లో నాణ్యత ఎక్కువలో పెట్టండి. 320 కేబీపీఎస్‌కు గంటకు 144 ఎంబీ అవుతుంది కనుక వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి. శబ్దం మాత్రం హద్దులో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే.

ప్రశ్న: ఖర్చు లేకుండా కొత్త గాయకులను వినే దారులున్నాయా? (పాఠకురాలు, నెల్లూరు)

ఉన్నాయి. తిరుమలలో గుడి ఎదుట నాదనీరాజనం వేదిక మీద సాయంత్రాలు కచేరీలు ఉచితం, ఎస్వీబీసీలో ప్రత్యక్షంగా కూడా వస్తాయి. డిసెంబరులో చెన్నై వెళ్లగలిగితే మధ్యాహ్నపు కచేరీలు చూడండి. చాలా సభల్లో వాటికి టికెట్ ఉండదు, పాడేది ఇరవైల్లో ఉన్న కొత్తవాళ్లు. సాయంత్రం పెద్ద పేర్ల కచేరీ కన్నా మీ జాబితాకు పేర్లు అక్కడే ఎక్కువ దొరుకుతాయి. ఇంట్లో అయితే ఆకాశవాణి రాగం ఛానల్ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో రోజంతా శాస్త్రీయ సంగీతం వినిపిస్తుంది. ఫోను పక్కన నోటుబుక్కు పెట్టుకోండి, ప్రసారంలో పేరు ఒకటి రెండుసార్లే చెబుతారు.